సముద్రదోసకాయపై పొలుసుల పురుగు: సహభోజియా, పరాన్నజీవియా? - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

హిందూ మహాసముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ వరకు విస్తరించిన పగడపు దిబ్బల్లో, సముద్రదోసకాయల శరీరంపై గాస్ట్రొలెపిడియా క్లావిజెరా అనే పొలుసుల పురుగు నివసిస్తుంది. దాని శరీరనిర్మాణం, రంగు, ఆతిథేయిని గుర్తించే తీరు, సాటి పురుగులతో ప్రవర్తన, ఆహారం అనే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సహభోజిగా పేరుపొందిన ఈ జీవి తన ఆతిథేయి కణజాలాన్నే తింటుందని ఆహార పరిశీలనలు వెల్లడించాయి. ఈ ఉదాహరణ ఆధారంగా సహజీవనం, సహభోజనం, పరాన్నజీవనం అనే పరిభాషాపదాలను తెలుగులో ఎలా వాడితే శాస్త్రార్థం చెడకుండా ఉంటుందో కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సముద్రదోసకాయ, పొలుసుల పురుగు, పాలికీటా, ఆతిథేయి, సహజీవనం, సహభోజి, పరాన్నజీవి, శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం

సముద్రంలో ఒక జీవి మరొక జీవి శరీరాన్నే నివాసం చేసుకోవడం అరుదైన విషయం కాదు. స్పంజికల రంధ్రాల్లో, నక్షత్రచేపల చేతుల కింద, ఆల్చిప్పల లోపల, సముద్రదోసకాయల చర్మంపై ఎన్నో చిన్న జీవులు బతుకుతుంటాయి. వానపాముకూ జలగకూ దూరపు బంధువులైన పాలికీటా పురుగుల్లో ఈ అలవాటు విస్తారంగా కనిపిస్తుంది. డేనియల్ మార్టిన్, టెమిర్ బ్రితాయెవ్ 1998లో ప్రచురించిన సమీక్షలో ఇటువంటి పాలికీటాలను రెండు వర్గాలుగా లెక్కించారు. సహభోజుల వర్గంలో 292 జాతులు, పరాన్నజీవుల వర్గంలో 81 జాతులు చేరాయి.

ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక ప్రశ్న కలుగుతుంది. ఒక జాతిని మొదటి వర్గంలో చేర్చడానికి ఆధారం ఏమిటి? చాలా సందర్భాల్లో ఆ జీవి మరొక జీవిపై దొరకడం, దొరికినచోట పైకి హాని కనిపించకపోవడం, ఈ రెండే ఆధారాలుగా ఉంటాయి. అయితే హాని కనిపించకపోవడం వేరు, హాని లేకపోవడం వేరు. ఈ రెంటికీ మధ్యనున్న తేడాను స్పష్టంగా చూపగల జీవి గాస్ట్రొలెపిడియా క్లావిజెరా. అందుకే దీనిని ప్రస్తుత పరిశీలనకు తీసుకోవడం జరిగింది.

2. నామకరణం - వర్గీకరణ

ఈ పురుగును శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసినవాడు ఆస్ట్రియా దేశీయుడైన లుడ్విగ్ కార్ల్ ష్మార్దా. 1853-1857 మధ్య ప్రపంచయాత్ర చేసి సేకరించిన అకశేరుకాలను ఆయన తర్వాతి సంవత్సరాల్లో వర్ణించి ప్రచురించాడు. సింహళంలో లభించిన ఈ పురుగు వర్ణన 1861లో వెలువడింది.

గాస్ట్రొలెపిడియా అనే ప్రజాతినామంలో రెండు గ్రీకు పదాలున్నాయి. మొదటిది పొట్టను, రెండవది పొలుసును సూచిస్తుంది. అంటే 'పొట్టమీద పొలుసులు గలది' అని అర్థం. క్లావిజెరా అనే జాతినామానికి 'గదను ధరించినది' అని అర్థం. ఈ పురుగు వలయదేహుల్లో పాలికీటా సముదాయానికి, అందులో పాలినాయిడే కుటుంబానికి చెందుతుంది. ఈ కుటుంబంలోని పురుగులన్నింటికీ వీపుమీద పొలుసుల వరుసలు ఉంటాయి కనుక వీటిని పొలుసుల పురుగులు అంటారు. వీపుమీది పొలుసులు కుటుంబమంతటికీ సామాన్య లక్షణం కాగా, పొట్టవైపు పొలుసులవంటి భాగాలుండటం ఈ ప్రజాతి ప్రత్యేకత. ష్మార్దా పెట్టిన పేరు సరిగ్గా ఆ ప్రత్యేకతనే పట్టి చూపుతుంది.

3. ఆతిథేయి: సముద్రదోసకాయ

పురుగు జీవితం అర్థం కావాలంటే ముందు అది ఉండే ఇల్లు తెలియాలి. సముద్రదోసకాయ పేరుకు దోసకాయే గాని వృక్షసంబంధి కాదు. నక్షత్రచేపలు, సముద్రపు ముళ్లకాయల వర్గానికి చెందిన జంతువు. మెత్తగా, పొడవుగా, తోలువంటి చర్మంతో సముద్రపు అడుగున నెమ్మదిగా కదులుతుంది. మన్నారు సింధుశాఖ తీరంలోని తమిళ మత్స్యకారులు దీనిని 'కడల్ అట్టై' అంటారు. అంటే సముద్రపు జలగ. ఎండబెట్టిన సముద్రదోసకాయకు అంతర్జాతీయ వాణిజ్యంలో వాడే 'బెష్ ద మేర్' అనే ఫ్రెంచి పేరుకు మూలం 'సముద్రపు పురుగు' అనే అర్థంగల పోర్చుగీసు మాట. ఒకచోట కాయగా, ఒకచోట జలగగా, మరొకచోట పురుగుగా వ్యవహారంలో నిలిచిన ఈ జంతువు నిజానికి ఈ మూడింటిలో ఏదీ కాదు.

గాస్ట్రొలెపిడియాకు ఆతిథ్యమిచ్చే జాతులు ఒకటి కంటే ఎక్కువ. నల్లని హోలోథూరియా ఏట్రా, ముదురు ఆకుపచ్చని స్టైకోపస్ క్లోరోనోటస్, అనాసపండును తలపించే ముళ్లవంటి బుడిపెలు గల థెలెనోటా అనానస్ వాటిలో ముఖ్యమైనవి. హోలోథూరియా ఏట్రా వంటి జాతులు ఇసుకను మింగి, అందులోని సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకుని, మిగిలినదాన్ని విసర్జిస్తాయి. పొలంలో వానపాము చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది.

సముద్రదోసకాయకు పరుగెత్తే వేగం లేదు, కొరికే దవడలు లేవు. అయినా అది నిస్సహాయ జీవి కాదు. దాని చర్మంలో సాపోనిన్లనే విషపదార్థాలుంటాయి. ఇవి మన కుంకుడుకాయలో నురుగుకు కారణమైన పదార్థాల కోవకు చెందినవి. చేపలకు ఇవి హానికరం. కొన్ని జాతులు ప్రమాదం ఎదురైతే తమ పేగులనే బయటికి విసర్జించి, తర్వాత వాటిని తిరిగి పెంచుకుంటాయి. బోహాడ్షియా వంటి ప్రజాతుల్లో శత్రువుకు అంటుకుని చిక్కులు పెట్టే తెల్లని జిగురు నాళికలు కూడా ఉంటాయి. పొలుసుల పురుగు ఇల్లు కట్టుకున్నది ఇటువంటి రసాయన దుర్గం గోడమీద.

4. శరీరనిర్మాణం - పట్టు సాధించే విధానం

గాస్ట్రొలెపిడియా కొన్ని సెంటీమీటర్లకు మించని చిన్న పురుగు. శరీరం వలయాలుగా విభజితమై ఉంటుంది. ప్రతి వలయానికీ ఇరువైపులా పార్శ్వపాదాలు, వాటికి గట్టి శూకాలు ఉంటాయి. వీపుమీది పొలుసులు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. పాలినాయిడే కుటుంబంలో ఈ పొలుసులు ఊడి, మళ్లీ పెరగగలవు. శత్రువు నోటికి ఒక పొలుసు వదిలిపెట్టి పురుగు తప్పించుకోవడానికి ఈ లక్షణం తోడ్పడుతుంది.

పొట్టవైపు నిర్మాణం ప్రత్యేకంగా గమనించదగినది. పార్శ్వపాదాల మొదళ్ల వద్ద చెవితమ్మెలను పోలిన మెత్తని తమ్మెలు జంటలు జంటలుగా ఉంటాయి. ఇవి ఆతిథేయి చర్మానికి అదుముకుని, పీల్చి పట్టుకునే సాధనాలుగా పనిచేస్తాయని పరిశోధకుల అభిప్రాయం. రాళ్ల సందుల్లో స్వేచ్ఛగా తిరిగే పొలుసుల పురుగులకు ఈ తమ్మెలు ఉండవు. వాటికి అవసరమైనప్పుడు దాక్కోవడానికి సందు దొరుకుతుంది. సముద్రదోసకాయ వీపు అటువంటిది కాదు. అది తెరచి ఉన్న మైదానం. అలల తాకిడి, చేపల చూపు రెండూ నేరుగా పడే చోటు. అక్కడ పట్టు తప్పడమంటే ప్రాణం పోవడమే. కాబట్టి పొట్టమీది తమ్మెలను ఈ నివాసం కోరిన మార్పుగా అర్థం చేసుకోవచ్చు.

5. రంగు - మరుగు

ఈ పురుగు రంగు ఆతిథేయిని బట్టి మారుతుంది. నల్లని హోలోథూరియాపై ఉండే పురుగు నల్లగా, స్టైకోపస్ క్లోరోనోటస్‌పై ఉండేది ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. ఆతిథేయిని చేతిలోకి తీసుకుని చూసినా, పురుగు కదిలేదాకా దాని ఉనికి తెలియడం కష్టం.

ఒకే జాతి పురుగులకు వేర్వేరు రంగులు ఎలా వస్తాయన్నదానికి తార్కికంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, వేర్వేరు రంగుల పురుగులు పుట్టి, తమ రంగుకు సరిపడే ఆతిథేయిని ఎన్నుకోవడం. రెండవది, రంగు కలవని పురుగులను చేపలు ఏరి తినేయగా, కలిసినవే మిగలడం. మూడవది, ఆతిథేయి నుంచి గ్రహించిన వర్ణకాలే పురుగు శరీరంలో చేరడం. ఈ మూడవ మార్గం పురుగు ఆహారంతో ముడిపడి ఉన్నది. ఆతిథేయి చర్మాన్ని తినని పురుగుకు ఆ వర్ణకాలు ఆహారం ద్వారా అందే అవకాశం లేదు. ఈ విధంగా రంగును గురించిన ప్రశ్న కూడా చివరకు ఆహారాన్ని గురించిన ప్రశ్న దగ్గరికే చేరుతుంది.

6. ఆతిథేయిని గుర్తించడం

పొలుసుల పురుగుల్లో సాధారణంగా ఆడ, మగ వేరువేరు. బీజకణాలు నీటిలో కలిసి, ఏర్పడిన డింభకాలు కొంతకాలం ప్లవకాలతోపాటు తేలియాడతాయి. ఆ తర్వాత అవి సముద్రపు అడుగుకు చేరి తమకు తగిన చోటు వెతుక్కోవాలి. ఇసుక, రాళ్లు, పగడాలు నిండిన అంత విశాలమైన ప్రదేశంలో, మిల్లీమీటరు పరిమాణం కూడా లేని దశలో, సముద్రదోసకాయ ఎక్కడున్నదో తెలుసుకోవడం ఎలా?

దీనికి సమాధానం నీటిలో కరిగిన వాసనలో ఉన్నది. ఈ దిశగా తొలి ప్రయోగాలు పసిఫిక్ ఆవలి తీరంలో, ఉత్తర అమెరికాలో జరిగాయి. డెమరెస్ట్ డావెన్‌పోర్ట్ 1950లో ప్రారంభించిన పరిశోధన పరంపరలో ఆర్క్టోనో అనే పొలుసుల పురుగులను పరిశీలించాడు. పురుగుకు రెండు దారులు చూపి, ఒకదానిలో మామూలు సముద్రపు నీటిని, మరొకదానిలో ఆతిథేయి ఉన్న తొట్టె నుంచి వచ్చే నీటిని ప్రవహింపజేస్తే, ఆతిథేయి కంటికి కనిపించకపోయినా పురుగులు దాని నీటివైపే మొగ్గుచూపాయి.

ఆ వాసన ఏ పదార్థానిదన్న ప్రశ్నకు సముద్రదోసకాయల విషయంలో ఆసక్తికరమైన సమాధానం లభించింది. సముద్రదోసకాయలపై నివసించే లిస్సోకార్సినస్ ఆర్బిక్యులారిస్ అనే చిన్న పీత, ఆతిథేయి విడుదల చేసే సాపోనిన్లకే ఆకర్షితమవుతుందని 2013లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. చేపలను తరిమే విషమే పీతకు ఆహ్వానపత్రికగా మారింది. శత్రువుల కోసం పెట్టిన కావలి, దొంగకు దారి చూపే దీపమైనట్టు. ఈ ఫలితం పీతకు సంబంధించినది. దానిని యథాతథంగా పురుగుకు అన్వయించడం తొందరపాటవుతుంది. అయితే రెండూ ఒకే ఆతిథేయిని వెతుక్కునే జీవులు కనుక, పురుగు విషయంలో ముందుగా పరీక్షించవలసిన పదార్థం ఏదో ఈ పరిశోధన సూచిస్తున్నది.

7. ఒక ఇంటికి ఒకరే: సాటి పురుగులతో ప్రవర్తన

దక్షిణ వియత్నాం తీరంలోని సముద్రదోసకాయలపై ఈ పురుగు నివాసాన్ని బ్రితాయెవ్, జమిష్ల్యాక్ పరిశీలించి 1996లో ఫలితాలను ప్రచురించారు. ఎక్కువ సందర్భాల్లో ఒక ఆతిథేయిపై ఒకే పెద్ద పురుగు, కొన్నిసార్లు ఒక ఆడ, ఒక మగ కలిసిన జంట కనిపిస్తాయి.

ఇది పైకి సాధారణంగా తోచినా ఆలోచింపజేసే విషయం. డింభకాలు ఎవరి ప్రమేయమూ లేకుండా యాదృచ్ఛికంగా వచ్చి వాలేవైతే, కొన్ని ఆతిథేయులు ఖాళీగా, కొన్ని ఒక పురుగుతో, మరికొన్ని మూడు నాలుగు పురుగులతో కనిపించాలి. వానచినుకులు నేలపై సమానదూరంలో పడవు. కొన్నిచోట్ల గుంపుగా, కొన్నిచోట్ల పలుచగా పడతాయి. పురుగులు అలా కాకుండా ఇంటికొకటిగా కనిపిస్తున్నాయంటే, వాటిని అలా ఉంచుతున్న శక్తి ఏదో ఉండాలి.

ఆ శక్తి పురుగుల మధ్య కలహమేనని వాటి శరీరాలపై గుర్తులు తెలుపుతున్నాయి. ఊడిన పొలుసులు, తెగిన స్పర్శాంగాలు, తెగి మళ్లీ పెరుగుతున్న వెనుకభాగాలు పురుగుల్లో కనిపిస్తాయి. గాయాలు చేపల కాటువల్ల కూడా కలగవచ్చు. కాబట్టి గాయం ఒక్కటే కలహానికి రుజువు కాదు. గాయాలను, ఇంటికొకటిగా ఉండే పంపిణీని కలిపి చదివినప్పుడు మాత్రం రెండూ ఒకదానికొకటి సాక్ష్యమవుతాయి. సముద్రదోసకాయ వీపును పురుగు తన సొంత క్షేత్రంగా భావిస్తున్నది. కొత్తగా వచ్చిన సాటి పురుగును తరిమివేస్తున్నది. జత కట్టదగిన పురుగుకు మాత్రమే అక్కడ చోటు లభిస్తుంది.

ఇక్కడ ఒక తర్కం ముందుకు వస్తుంది. ఏ జీవి అయినా కొరత ఉన్నదాని కోసమే పోరాడుతుంది. కేవలం నిలవడానికి చోటే కావాలంటే, జానెడు సముద్రదోసకాయపై ఒకటి రెండు అంగుళాల పురుగులు అనేకం ఇమడగలవు. అంత తీవ్రంగా కాపాడుకుంటున్నది చోటునేనా, లేక ఆ చోటు అందించే ఆహారాన్నా? ప్రవర్తన పరిశీలన ఈ అనుమానాన్ని కలిగిస్తుంది. దాన్ని తీర్చవలసింది పేగుల పరిశీలన.

8. ఆహారం: పేగు చెప్పే సాక్ష్యం

పొలుసుల పురుగులకు ముందుకు పొడుచుకు వచ్చే బలమైన గ్రసని, దాని చివర రెండు జతల దవడలు ఉంటాయి. స్వేచ్ఛగా తిరిగే జాతులు ఈ ఆయుధంతో చిన్న చిన్న జంతువులను వేటాడతాయి. సముద్రదోసకాయపై నివసించే పురుగుకు కూడా ఈ దవడలు అలాగే ఉన్నాయి. రాలినదాన్ని ఏరుకుని తినడానికి ఇంత పరికరం అక్కర్లేదు.

బ్రితాయెవ్, లిస్కిన్ గాస్ట్రొలెపిడియా ఆహారాన్ని పరిశీలించి 2002లో ఫలితాలను ప్రకటించారు. పురుగుల పేగుల్లో ఆతిథేయి కణజాలం కనిపించింది. అంటే ఈ పురుగు తాను నివసించే గోడనే కొరికి తింటున్నది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తెలుగు సామెత. ఈ పురుగు ఒక అడుగు ముందుకు వేసి, ఉన్న ఇంటి వాసాలనే తింటున్నది.

ఇటువంటి సాక్ష్యాన్ని సరిగా అంచనా వేయడానికి కొన్ని జాగ్రత్తలు అవసరం. ఆతిథేయి చర్మంపై ఎప్పుడూ జిగురు ఉంటుంది. ఎలాగూ రాలిపోయే ఆ జిగురును తినడం, సజీవ కణజాలాన్ని కొరకడం రెండూ ఒకటి కావు. సముద్రదోసకాయ చర్మంలో కంటికి కనిపించని సున్నపు కణికలు పొదిగి ఉంటాయి. బల్లలు, బొత్తాలు, కడ్డీల ఆకారాల్లో ఉండే ఈ కణికలు జాతిని బట్టి మారుతాయి కనుక, శాస్త్రవేత్తలు సముద్రదోసకాయలను గుర్తించడానికి వీటినే ఆధారం చేసుకుంటారు. ఒక పురుగు పేగులో చర్మపు తునకతోపాటు ఇటువంటి కణిక దొరికితే, ఆ ఆహారం ఏ ఆతిథేయి చర్మపు లోతుల్లోంచి వచ్చిందో సందేహం లేకుండా చెప్పవచ్చు.

కణజాలం తిన్నంతమాత్రాన ఆతిథేయి మరణించదు. పేగులనే తిరిగి పెంచుకోగల జంతువుకు చర్మంపై చిన్న గాయం మాన్పుకోవడం కష్టం కాదు. ఇంటికి ఒక్క పురుగే ఉండటం వల్ల నష్టం కూడా పరిమితంగానే ఉంటుంది. పురుగు తన స్వార్థం కోసం సాటి పురుగులను తరుముతున్నది. దాని ఫలితంగా ఆతిథేయి మీద భారం తగ్గుతున్నది. దీన్ని ఉపకారమని అనలేము. కానీ ఆతిథేయి జీవితాన్ని లెక్కగట్టేటప్పుడు ఈ అంశాన్ని వదిలివేయడం కూడా సరికాదు.

9. పరిభాష - శాస్త్రార్థం

జీవుల మధ్య సంబంధాలకు నేడు వాడుకలో ఉన్న పేర్లు 19వ శతాబ్దంలో స్థిరపడ్డాయి. బెల్జియం జంతుశాస్త్రవేత్త పియేర్ జోసెఫ్ వాన్ బెనెడెన్ 1870ల్లో ఒక జీవి మరొక జీవిని ఆశ్రయించే తీరులను సహభోజులు, పరస్పరోపకారులు, పరాన్నజీవులు అనే మూడు వర్గాలుగా వివరించాడు. సహభోజికి మూలమైన లాటిన్ పదంలో భోజనపు బల్ల అనే అర్థం ఉన్నది. అంటే ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాడు. మన వ్యవహారంలో 'సహపంక్తి' అన్న మాట ఈ భావానికి అతి సమీపంగా ఉంటుంది. 1879లో జర్మనీకి చెందిన ఆంటన్ ద బారీ, భిన్నజాతుల జీవులు కలిసి బతకడం అనే విశాలమైన అర్థంలో మరొక పదాన్ని స్థిరపరిచాడు. తెలుగులోని 'సహజీవనం' దానికి సరైన సమానార్థకం.

పరాన్నజీవి అన్న తెలుగు పదం 'పరుల అన్నంతో జీవించేది' అనే వ్యుత్పత్తిని ఇస్తుంది. దానికి సమానమైన పాశ్చాత్యపదానికి మూలం గ్రీకులో 'ఆహారం పక్కన ఉండేవాడు', అనగా ధనికుల విందుల్లో చేరి తిని పోయేవాడు. విచిత్రమేమంటే వ్యుత్పత్తి ప్రకారం చూస్తే ఈ రెండు పదాలూ పంక్తిలో కూర్చున్నవాడినే సూచిస్తాయి. ఆతిథేయి శరీరాన్నే తినేవాడు అన్న అర్థం ఏ పదంలోనూ లేదు. ఆ అర్థాన్ని శాస్త్రం తర్వాత చేర్చింది. కాబట్టి సహభోజికీ పరాన్నజీవికీ గల తేడాను వ్యుత్పత్తి ద్వారా గ్రహించలేము. నిర్వచనం ద్వారానే గ్రహించాలి. ఆతిథేయి తినగా మిగిలినదాన్నో, ఆతిథేయి పరిసరాల్లోని ఆహారాన్నో తింటూ దానికి హాని చేయనిది సహభోజి. ఆతిథేయి శరీరం నుంచే ఆహారం పొందుతూ దానికి నష్టం కలిగించేది పరాన్నజీవి.

ఈ నిర్వచనాల ప్రకారం గాస్ట్రొలెపిడియా సహభోజి కాదు. అది తింటున్నది ఆతిథేయితో కలిసి కాదు, ఆతిథేయినే. అయితే ఒక జాతికి చెప్పిన తీర్పును కుటుంబమంతటికీ వర్తింపజేయడం పొరపాటు. ఆర్క్టోనో విట్టాటా అనే మరో పొలుసుల పురుగు డయడోరా ఆస్పెరా అనే నత్తజాతి జీవిపై నివసిస్తుంది. నక్షత్రచేప ఆ జీవిని పట్టుకోబోయినప్పుడు పురుగు బయటికి వచ్చి నక్షత్రచేప నాళికాపాదాలను కొరుకుతుందని 1969లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఒకే కుటుంబంలో ఒకటి ఇంటిని తినే జీవి, మరొకటి ఇంటిని కాచే జీవి. రెండింటి దవడలు ఒకే తీరు. తేడా అంతా వాటిని దేనిపై ప్రయోగిస్తున్నాయన్న దానిలోనే ఉన్నది.

ఈ నేపథ్యంలో తెలుగులో శాస్త్రరచన చేసేవారు, బోధించేవారు ఒక విషయాన్ని పాటించడం మేలు. సహజీవనం అనగానే పరస్పర మేలు, సామరస్యం స్ఫురించడం మన వాడుకలో బలపడింది. ఆ పదాన్ని పరస్పరోపకారానికి పర్యాయంగా వాడితే, ద బారీ ఉద్దేశించిన విశాలార్థానికి తెలుగులో పదమే లేకుండా పోతుంది. కాబట్టి సహజీవనం, సహజీవి అనే పదాలను కలిసి బతకడం అనే తటస్థమైన అర్థంలోనే నిలపాలి. ఆహారసంబంధం తేలేదాకా ప్రతి జీవినీ సహజీవి అనడమే క్షేమం. తేలిన తర్వాత సాక్ష్యాన్ని బట్టి సహభోజి, పరస్పరోపకారి, పరాన్నజీవి అనే విశేషనామాల్లో ఒకదాన్ని ఎన్నుకోవచ్చు.

10. ఆతిథేయి మనుగడ - ఆశ్రితుని మనుగడ

సంబంధం పేరు ఏదైనా, పురుగు బతుకు సముద్రదోసకాయ బతుకుతోనే ముడిపడి ఉన్నది. ఎండబెట్టిన సముద్రదోసకాయకు తూర్పు ఆసియా దేశాల్లో ఆహారంగా, ఔషధంగా ఎంతో గిరాకీ ఉన్నది. నెమ్మదిగా కదిలే ఈ జంతువులను సేకరించడం తేలిక. సంఖ్య తగ్గితే వాటి సంతానోత్పత్తి కూడా దెబ్బతింటుంది. నీటిలో విడిచిన బీజకణాలు కలవాలంటే జీవులు ఒకదానికొకటి సమీపంగా ఉండటం తప్పనిసరి.

భారతదేశంలో సముద్రదోసకాయలు ప్రధానంగా మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల పరిసరాల్లో లభిస్తాయి. 2001లో ప్రభుత్వం వీటన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి, వేటనూ వ్యాపారాన్నీ నిషేధించింది. అంతర్జాతీయ స్థాయిలో, ఈ పురుగుకు ఆతిథేయి అయిన థెలెనోటా ప్రజాతిని అంతరించే ప్రమాదంగల జీవుల వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చాలని 2022లో నిర్ణయించారు.

ఈ చట్టాల్లో, ఒప్పందాల్లో పురుగు పేరు ఎక్కడా లేదు. కానీ ఒక్కొక్క సముద్రదోసకాయను నీటి నుంచి తీసినప్పుడల్లా దానిపైనున్న పురుగు, పీత, రొయ్య కూడా ఇల్లు కోల్పోతాయి. తన ఆతిథేయి లేనిచోట బతకలేని జీవికి, ఆతిథేయి సంరక్షణే తన సంరక్షణ.

11. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. గాస్ట్రొలెపిడియా క్లావిజెరా పొట్టవైపు తమ్మెలు, ఆతిథేయిని పోలిన రంగు, సముద్రదోసకాయ శరీరంపై జీవించడానికి అనువైన ప్రత్యేక లక్షణాలు.

2. ఆతిథేయిని వెతకడంలో రసాయన సంకేతాలకు ప్రధాన పాత్ర ఉన్నదని సన్నిహిత జాతులపై, ఒకే ఆతిథేయిని పంచుకునే పీతపై జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి.

3. ఒక ఆతిథేయిపై సాధారణంగా ఒక్క పురుగో, ఒక జంటో ఉండటం, పురుగుల శరీరాలపై గాయాలు కనిపించడం, క్షేత్రరక్షణ కోసం సాటి పురుగులతో కలహించే ప్రవర్తనకు సాక్ష్యాలు.

4. పేగుల్లో ఆతిథేయి కణజాలం లభించడం వల్ల ఈ పురుగును సహభోజి అనడం కంటే పరాన్నజీవి అనడమే సమంజసం. ఈ నిర్ణయం ఈ జాతికి మాత్రమే వర్తిస్తుంది. పొలుసుల పురుగుల్లో ప్రతి జాతినీ విడిగా పరిశీలించాలి.

5. తెలుగు శాస్త్రపరిభాషలో సహజీవనం అనే పదాన్ని తటస్థార్థంలో నిలిపి, మిగిలిన పదాలను ఆహారసాక్ష్యం లభించిన తర్వాతే వాడటం అవసరం.

ఒక జీవి ఎక్కడ ఉన్నదో చూసి దానికి పేరు పెట్టడం సులభం. అది ఏమి తింటున్నదో చూసి పెట్టడానికి శ్రమ కావాలి. ఆ 292 జాతుల పట్టికలో ఎన్ని జాతులు ఆ శ్రమ తర్వాత కూడా తమ పేరును నిలుపుకుంటాయన్నది ఇకపై జరిగే పరిశోధనలు తేల్చవలసిన విషయం.